సంక్రాంతి సెలవు నుంచి మళ్ళీ లేహ్‌కి: తమ్ముడి తలనొప్పి, చెవిలో మోత, దాచుకోవడం

చెల్లెమ్మా, మీరు రాసిందంతా చదివాక నన్ను కంగారు పెట్టింది తలనొప్పి కాదు, చెవిలో మోతా కాదు. చివర్లో ఒక ముక్క రాశారు చూడండి, "ఎవరితోనూ అనకు, క్యాటగిరీ అయిపోతాను అన్నాడు" అని. అంటే ఒళ్ళు బాలేదని తేలి మెడికల్ లెక్కల్లో తక్కువ స్థాయికి దించేస్తారని భయం. అదీ.

తర్వాత చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్న నాలుగు మాటల్లో. రాజోలు దగ్గర ఊరు. తమ్ముడు ఆర్టిలరీలో గన్నర్, ఆరేళ్ళ సర్వీసు, లేహ్ పైన పోస్టింగు. సంక్రాంతికి నెల రోజుల సెలవు మీద వచ్చాడు, వచ్చే వారం తిరుగు ప్రయాణం. కిందటిసారి పైకి వెళ్ళిన కొత్తలో మూడు రోజులు తలనొప్పి, వాంతులు అయినా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇంట్లో టీవీ సౌండు బాగా పెంచుతున్నాడు, రాత్రి పడుకుంటే చెవిలో కీచురాయి అరుస్తున్నట్టు ఉందట. "నా ఒళ్ళు అక్కడికి అలవాటైపోయింది, ఇంకేం కాదు" అంటున్నాడు, అది నిజమేనా అని మీ ప్రశ్న. పెదనాన్నగారి అబ్బాయి అగ్నివీర్‌కి తయారవుతున్నాడు, వాడి సంగతేంటని ఇంకో ప్రశ్న.

ముందు నా సంగతి. నేను డాక్టరును కాను. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుని. లక్నో సెంటర్లో ట్రైనింగ్ అయ్యాక ఇరవై నాలుగేళ్ళు చేసి నాయబ్ సుబేదార్‌గా ఇంటికొచ్చాను. రెండు టెన్యూర్లు లద్దాఖ్, ఒకటి రాజస్థాన్, ఒకటి అస్సాం. ఇప్పుడు ముమ్మిడివరం దగ్గర కొబ్బరి చూసుకుంటున్నాను. మందులు రాయడం నా పని కాదు, చూసింది చెప్తాను.

అలవాటైపోయిన ఒళ్ళు అనేది లేదు. ఎత్తుకి ఒళ్ళు చేసుకునే అలవాటు కిందికి దిగిన రోజు నుంచే కరుగుతూ వస్తుంది. మన కోనసీమలో ఇంటి అరుగు సముద్రానికి నాలుగైదు మీటర్ల ఎత్తులో ఉంటే అదే గొప్ప. లేహ్ 11,500 అడుగులు. అక్కడ ఒక్కో ఊపిరికి దొరికే ఆక్సిజన్ మనకి ఇక్కడ దొరికేదాంట్లో మూడింట రెండు వంతులు. 18,000 అడుగుల దగ్గర సగమే. ఢిల్లీ నుంచి గంటంపావు విమానంలో మనిషి అక్కడ దిగుతాడు. ఒళ్ళు మాత్రం ఇంకా రాజోలులోనే ఉంటుంది.

అందుకే ఆర్మీలో దీనికి గట్టి లెక్క ఉంది. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, అక్కడి నుంచి 15,000 దాకా నాలుగు రోజులు, ఆ పైకి ఇంకో నాలుగు రోజులు, మొత్తం పద్నాలుగు. మొదటి రెండు రోజులు విశ్రాంతే, అటూ ఇటూ కాస్త నడవడం తప్ప ఏమీ చేయకూడదు. తర్వాత మెల్లగా నడక, ఆ తర్వాత చిన్న ఎక్కుడు. పది రోజులకు మించి కిందే ఉండిపోయి వెళ్ళినవాడికి మళ్ళీ అలవాటు చేయించాలి. నాలుగు వారాలు దాటితే మొదటి నుంచీ మొత్తం పద్నాలుగు రోజులూ. మీ తమ్ముడు నెల రోజులు ఇక్కడ ఉన్నాడు కాబట్టి కొత్తవాడి కిందే లెక్క.

ఈ లెక్క ఊరికే రాలేదు. 1962 యుద్ధంలో మన జవాన్లను అలవాటు లేకుండా ఉన్నపళంగా ఎత్తుకి తోలాల్సి వచ్చింది. ఆ సంవత్సరాల్లో పైన జబ్బుపడ్డవాళ్ళను చూసిన మన ఆర్మీ డాక్టర్లు, ఇందర్ సింగ్ గారు మొదలైనవాళ్ళు, 1,925 మంది జవాన్ల వివరాలతో రాసిన వ్యాసం 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. కొండజబ్బు గురించి ప్రపంచం నేర్చుకున్నదాంట్లో మన జవాన్లు పడ్డ బాధ చాలా ఉంది.

పైన వచ్చేవాటిలో మూడు తెలుసుకోండి. మొదటిది మామూలు కొండజబ్బు: తలనొప్పి, వికారం, ఆకలి చావడం, నిద్ర పట్టకపోవడం. తమ్ముడికి వచ్చింది ఇదే అయి ఉంటుంది. అక్కడే ఆగి, ఇంకా పైకి ఎక్కకుండా ఉంటే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది.

రెండోది ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం. యూనిట్లలో హేపో అంటారు. ఆక్సిజన్ తక్కువైతే ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు ముడుచుకుంటాయి, అదీ అన్నీ ఒక్కతీరుగా కాదు. మన కాలువల భాషలో చెప్తాను. ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలే ఉన్నాయి, కింద సగం చోట్ల ఎవరో షట్టర్లు దించేశారు. ఆ నీళ్ళన్నీ తెరిచి ఉన్న రెండు మూడు కాలువల మీద పడతాయి. గట్టు తెగకపోవచ్చు గానీ ఊట మొదలవుతుంది, పక్క చేను చెమ్మగిల్లుతుంది. ఆ చేను అంటే మన ఊపిరితిత్తుల్లో గాలి ఉండాల్సిన చోటు. సాధారణంగా పైకి వెళ్ళిన రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య, ఎక్కువగా రాత్రిపూట బయటపడుతుంది. కూర్చున్నా ఆయాసం, పొడి దగ్గు, ముదిరితే గులాబీ రంగు నురగ. దీనికి మందు ఆక్సిజన్, కిందికి దించడం. దించే వీలు లేకపోతే మనిషిని పెట్టి గాలి కొట్టే సంచీ ఒకటి ఉంటుంది, అందులో ఉంచితే కొన్ని వేల అడుగులు దిగినట్టే లోపల ఒత్తిడి పెరుగుతుంది. అది దించేదాకా గడువు ఇస్తుందే తప్ప దించడానికి బదులు కాదు. ఇది పహిల్వాన్లకీ వస్తుంది. ఎంత దమ్మున్నవాడైనా దీని ముందు ఒకటే. నిజానికి దమ్మున్నవాడే మొదటిరోజు ఎక్కువ తిరిగి ఎక్కువ పడతాడు.

మూడోది మెదడు వాపు. దీని గురించి నా తప్పే ఒకటి చెప్తాను. దాదాపు 15,000 అడుగుల దగ్గర ఒక పోస్టులో డ్యూటీలో ఉన్నాను. సాయంత్రం ఒక కుర్రాడు వచ్చి, తలనొప్పి సార్, ఒక గోళీ ఇవ్వండి అన్నాడు. పారాసిటమాల్ ఇచ్చి పంపేశాను. అప్పుడు నేను చేయాల్సింది ఒకటుంది, నిమిషం పని. నేల మీద గీత గీసి, మడమకి బొటనవేలు ఆనించి నడవమనాలి. తూలితే మెదడుకి దెబ్బ మొదలైనట్టే. చలిగా ఉంది, లోపల టీ కాగుతోంది, నేను అడగలేదు. రాత్రి పదకొండింటికి పక్కవాడు పరిగెత్తుకొచ్చి, వీడు సొంత బూట్లు తొడుక్కోలేకపోతున్నాడు, ఏదేదో మాట్లాడుతున్నాడు అన్నాడు. ఆ చీకట్లో ఆక్సిజన్ పెట్టి, డాక్టరు వైర్‌లెస్‌లో చెప్పిన ఇంజెక్షన్ ఇచ్చి, నలుగురం మోసి కిందికి దించాం. మూడు వేల అడుగులు దిగేసరికి తన పేరు తను చెప్పాడు. బతికాడు, తర్వాత సర్వీసూ చేశాడు. నేను మాత్రం ఆ రోజు నుంచి పైన ఎవరు తలనొప్పి అన్నా ముందు గీత గీశాను, తర్వాతే గోళీ ఇచ్చాను.

ఇంకో సంగతి, ఆ కుర్రాడు పొద్దుటి నుంచే వాంతులు చేసుకుంటున్నాడట. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే మీ తమ్ముడు అన్న మాటే అన్నాడు.

డయామాక్స్ అనే మాత్ర గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెప్తారు. ఎత్తుకి ఒళ్ళు త్వరగా అలవాటు పడేందుకు అది పనికొస్తుంది. కానీ యూనిట్ డాక్టరు చెప్తేనే వేసుకోవాలి. సల్ఫా మందులు పడనివాళ్ళు ముందే ఆ సంగతి చెప్పాలి. అది వేసుకున్నాం కదా అని పద్నాలుగు రోజుల్లో కోత పెట్టకూడదు. మొదటి రోజుల్లో మందు కొట్టడం, నిద్రమాత్రలు వేసుకోవడం రెండూ ప్రమాదమే, నిద్రలో ఊపిరి ఇంకా మందగిస్తుంది.

చలి గురించి క్లుప్తంగా. సియాచిన్‌లో 1984 నుంచి మనవాళ్ళు ఉన్నారు. అక్కడ తూటాలకన్నా వాతావరణానికే ఎక్కువమంది పోయారు. 2016 ఫిబ్రవరిలో 19,600 అడుగుల దగ్గర సోనమ్ పోస్టు మీద మంచుచరియ పడి పోయిన పదిమందిలో మన కర్నూలు జిల్లా జవాను ఒకరు. మీ తమ్ముడు ఉన్న చోటు అంత పైన కాకపోవచ్చు. అయినా రెండు మాటలు వాడి చెవిన వేయండి. వేళ్ళు మొద్దుబారి తెల్లగా అయితే మంచుతో రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు, స్పర్శ లేక కాలినా తెలియదు. గోరువెచ్చని నీళ్ళలో, అంటే మన ఒంటి వేడికి కాస్త అటూ ఇటూగా ఉన్న నీళ్ళలో పెట్టాలి. అదీ మళ్ళీ గడ్డకట్టే అవకాశం లేని చోటికి చేరాకే. సిగరెట్టు వేళ్ళకి వెళ్ళే రక్తాన్ని ఇంకా తగ్గిస్తుంది. రెండోది బుఖారీ. గుడారంలో, బంకర్లో వెచ్చదనానికి పెట్టే కిరోసిన్ పొయ్యి అది. తలుపులు బిగించుకుని రాత్రంతా వెలిగిస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పితో మొదలై మనిషి నిద్రలోనే పోతాడు. తలనొప్పి అంటే అది ఎత్తుదా, బుఖారీదా అని కూడా చూడాలి. ఒకే గుడారంలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వచ్చిందంటే ముందు బుఖారీ ఆర్పి, తలుపు తీసి, అందరినీ బయటికి తేవాలి.

ఇక చెవి. నన్నడిగితే మీ తమ్ముడి విషయంలో ఈ వారం చేయాల్సిన పని ఇదే. తలనొప్పి పైన వస్తుంది, పైన చూసుకుంటారు. చెవి ఇప్పటికే పాడవుతోంది.

శబ్దం 85 డెసిబెల్స్ దాటి రోజుకి ఎనిమిది గంటలు ఉంటే ఏళ్ళ మీద చెవి దెబ్బతింటుంది. తుపాకీ, ఫిరంగి సంగతి వేరు. 140 దాటిన పేలుడు శబ్దం ఒక్కటే చాలు. రైఫిల్ మోతే దాన్ని దాటుతుంది, ఫిరంగి దగ్గర నిలబడ్డవాడి సంగతి చెప్పక్కర్లేదు. లోపలి చెవిలో సన్నని వెంట్రుకల్లాంటి కణాలు ఉంటాయి. వాటిని వరి దుబ్బులు అనుకోండి. ఒక మోస్తరు గాలికి చేను వాలుతుంది, రెండ్రోజుల్లో లేస్తుంది. ఫైరింగ్ అయిన సాయంత్రం చెవులు దిబ్బడ పడి, మర్నాటికో ఆ మర్నాటికో తేటపడతాయి చూడండి, అది ఇదే. ఆడుతూ పాడుతూ లేచింది కదా అని మళ్ళీ మళ్ళీ గాలికి వదిలితే ఒకరోజు చేను లేవదు. ఒకసారి పోయిన ఆ కణాలు మనిషికి మళ్ళీ పుట్టవు. మందు లేదు, ఆపరేషన్ లేదు. 

ఈ నష్టం మొదట 4,000 హెర్ట్జ్ దగ్గర గుంటలాగా కనిపిస్తుంది. మాటల్లో స, ష, చ లాంటి అక్షరాల పదును ఉండేది ఆ పైస్థాయి శబ్దాల్లోనే. అందుకే మనిషి "వినిపిస్తోంది గానీ అర్థం కావట్లేదు" అంటాడు. నలుగురు మాట్లాడే చోట తలూపి ఊరుకుంటాడు, టీవీ పెంచుతాడు, ఇంట్లోవాళ్ళు పొగరనుకుంటారు. మా ఊళ్ళో ఒకాయనకి పెళ్ళయిన పదేళ్ళకి గానీ తెలియలేదు, ఆవిడ పిలిస్తే పలకకపోవడం నిర్లక్ష్యం కాదు, నిజంగానే వినపడట్లేదని. అన్నేళ్ళు తిన్న తిట్లు ఎవరు తిరిగిస్తారు?

ఏం చేయాలి? ఆడియోగ్రామ్ అనే పరీక్ష చేయించండి. గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టి చేస్తారు, నొప్పి ఏమీ ఉండదు. అమలాపురం, కాకినాడ, రాజమండ్రిలో చెవి, ముక్కు, గొంతు డాక్టర్ల దగ్గర దొరుకుతుంది. సెలవులో ఉన్న జవాను మిలటరీ ఆస్పత్రికి కూడా వెళ్ళవచ్చు, మనకి దగ్గరంటే విశాఖలో నేవీ వాళ్ళ ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి. బయట చేయించినా ఆ కాగితం జాగ్రత్త చేసి యూనిట్‌కి వెళ్ళగానే ఆర్ఎంఓకి, అంటే యూనిట్ డాక్టరుకి, చూపించాలి. ఇక ముందు ఎప్పుడైనా ఫైరింగ్ తర్వాత ఒక చెవి ఉన్నట్టుండి పూర్తిగా మూసుకుపోతే, తేటపడుతుందిలే అని వారం చూడకూడదు. మొదటి రెండు మూడు రోజుల్లో డాక్టరు చూస్తే కొంతైనా దక్కే అవకాశం ఉంది. ఇయర్ ప్లగ్‌లు ఇస్తారు, కానీ "ఆర్డర్ వినపడదు" అని జేబులో పెట్టుకుంటారు. పొంతన లేని మాట కాదది, ఆర్డర్ వినపడకపోతే గన్ దగ్గర ఇంకో ప్రమాదం. అందుకే ప్లగ్ పెట్టుకుని చేతి సైగలతో డ్రిల్ చేయించే డిటాచ్‌మెంట్ కమాండర్లు, అంటే ఒక్కో గన్ జట్టుకి పెద్దలు, ఉంటారు, వాళ్ళ కుర్రాళ్ళు అదృష్టవంతులు. దూదితో పని జరగదు, ఆ మాట మాత్రం గట్టిగా చెప్పండి.

ఇప్పుడు దాచుకోవడం గురించి. తమ్ముడి భయం ఉత్తది కాదు, ముందు అది ఒప్పుకుంటాను. జవాను ఆరోగ్యాన్ని షేప్ అనే ఐదు అక్షరాల్లో రాస్తారు: మానసిక స్థితి, వినికిడి, కాళ్ళు చేతులు, శరీర దారుఢ్యం, కంటిచూపు. అన్నిట్లో ఒకటి ఉంటే షేప్ వన్. ఒకదాంట్లో తగ్గితే లో మెడికల్ క్యాటగిరీ. దానివల్ల కోర్సులు, పోస్టింగులు, ప్రమోషన్ ఆలస్యమయ్యే మాట నిజం. కానీ మొదట ఇచ్చేది చాలావరకు టెంపరరీయే, కొన్ని నెలలకి మళ్ళీ చూస్తారు, కోలుకుంటే షేప్ వన్‌కి తెస్తారు. నేను చూసినవాళ్ళలో తొందరగా చెప్పినవాళ్ళే ఎక్కువమంది వెనక్కొచ్చారు. దాచినవాళ్ళు ముదరబెట్టుకుని పర్మనెంట్‌లో పడ్డారు.

జబ్బు చెప్పడం నామోషీ అనుకుంటే ఒక సంగతి. మన డెల్టాలో ఊరూరా విగ్రహం ఉన్న కాటన్ దొర కూడా మిలటరీవాడే, మద్రాసు ఇంజనీర్ల దళం ఆఫీసరు, మొదటి బర్మా యుద్ధంలో పనిచేశాడు. 1847లో ధవళేశ్వరంలో ఆనకట్ట పని మొదలైంది. మరుసటేడే ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు, పని ఇంకో ఆఫీసరు చూశాడు. 1850లో తిరిగొచ్చాడు, 1852లో ఆనకట్ట పూర్తయింది. మధ్యలో రెండేళ్ళు తప్పుకున్నాడని మనం ఒక్క విగ్రహమూ తీసేయలేదు కదా.

దాచుకోవడంలో ఇంకో నష్టం కాగితాలది, ఇంట్లోవాళ్ళకి దాదాపు ఎవరికీ తెలియదు. రేపు రిటైరయ్యే ముందు రిలీజ్ మెడికల్ బోర్డు కూర్చుంటుంది. ఫలానా వైకల్యం సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా అని అక్కడ తేలుస్తారు. అలా తేలి, 20 శాతం లేదా అంతకు మించి ఉంటే దానికి పెన్షన్ వైపు లెక్క ఉంటుంది. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు జవాన్లకి మేలు చేసే మాట ఒకటి చెప్పింది: చేరేటప్పుడు కాగితాల్లో ఆ జబ్బు రాసి లేకపోతే, అది సర్వీసులో వచ్చిందనే అనుకోవాలి, కాదని చూపించాల్సిన భారం వైద్యబోర్డుది, యాజమాన్యానిది. 2023 సెప్టెంబరులో ఈ నిబంధనలు మారాయి, ఆ తర్వాత రిటైరయ్యేవాళ్ళకి పేర్లూ షరతులూ వేరు. ఏ నిబంధన అయినా ఒకటే అడుగుతుంది: కాగితం ఏదీ? సర్వీసు ఆరో ఏట చెవిలో మోత అని రాసి ఉన్న కాగితానికి ఉన్న బలం, ఇరవయ్యో ఏట "ఎప్పటినుంచో ఉంది సార్" అనే మాటకి ఉండదు. దెబ్బ తగిలితే ఇంజురీ రిపోర్టు, ఆస్పత్రిలో ఉంటే డిశ్చార్జి స్లిప్, ప్రతి ఆడియోగ్రామ్, అన్నిటికీ జిరాక్సు తీసి మీ ఇంట్లో ఒక ఫైలు పెట్టండి. ఇది మాత్రం వాడు చేయడు, మీరే చేయాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వీటి గురించి అడిగితే చెప్తారు.

మిగతా చోట్ల సంగతి మీకు ఇప్పుడు అక్కర్లేదు గానీ పోస్టింగు మారుతూనే ఉంటుంది కాబట్టి రెండు ముక్కలు. రాజస్థాన్ ఎడారి ఎండని మన కుర్రాళ్ళు తక్కువ అంచనా వేస్తారు, మేం మే నెల చూడనివాళ్ళమా అని. మన ఉక్కపోతలో చెమట ఒంటి మీదే కారుతుంది, పోతోందని తెలుస్తుంది. అక్కడ పొడిగాలికి చెమట పుట్టగానే ఆరిపోతుంది, చొక్కా తడవదు, ఎంత నీరు పోయిందో తెలిసేలోపు మనిషి పడిపోతాడు. కొత్త వేడికి ఒళ్ళు సర్దుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఈశాన్యంలో మలేరియా, అడవి పొదల్లో పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది, చంకల్లో గజ్జల్లో వెతకాలి, లేకపోతే డాక్టరుకీ చిక్కదు. మలేరియా దోమ వల్లే వస్తుందని తేలింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. కనిపెట్టిన రొనాల్డ్ రాస్ కూడా సైన్యం డాక్టరే. అన్నేళ్ళ తర్వాత కూడా దోమతెర కట్టుకోమంటే బద్ధకించే జవాన్లతో నేను రోజూ పోట్లాడేవాణ్ణి. ఇక వరద డ్యూటీలు. మురికినీళ్ళలో రోజులకొద్దీ నిలబడితే వేళ్ళ సందులు పాచిపోతాయి, ఊడ్పుల్లో పనిచేసిన మన ఆడవాళ్ళకి ఇది కొత్త కాదు. ఆ పగుళ్ళలోంచే ఎలుక జ్వరం ఎక్కుతుంది. వరద నుంచి వచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడడం ఉంటే వరదలో తిరిగానని డాక్టరుకి చెప్పాలి.

పెదనాన్నగారి అబ్బాయికి. కాలువ గట్టు మీద పరిగెత్తడం మంచిదే, సిమెంటు రోడ్డు మీద వద్దు. రెండు నెలల్లో భర్తీ ర్యాలీ అని ఒక్కసారిగా దూరం పెంచేస్తారు, అక్కడే వస్తుంది తంటా. ముంగాలి ఎముకలో ఒకే చోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి, పరిగెత్తితే పెరిగి, మానితే తగ్గే నొప్పి ఉంటే అది ఎముకలో సన్న పగులు కావచ్చు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎక్స్‌రే బాగుందని మళ్ళీ పరిగెత్తి ఎముక విరగ్గొట్టుకున్నవాణ్ణి ట్రైనింగ్ సెంటర్లో చూశాను. నొప్పి పూర్తిగా పోయేదాకా ఆగాలి, సైకిలు తొక్కుకోవచ్చు. బరువు తగ్గాలని ఎండలో స్వెట్టర్ వేసుకుని పరిగెత్తే పిచ్చిపని ఈమధ్య చూస్తున్నాను, మాన్పించండి. ఎవరైనా పరుగులో పడిపోయి మాట తడబడితే ఆటో కోసం పరిగెత్తడం కాదు, ముందు బోరు కింద పెట్టి ఒళ్ళంతా తడపండి, విసరండి, చల్లబడ్డాక ఆస్పత్రికి. ఆ మొదటి అరగంటే ముఖ్యం. జిమ్ముల్లో అమ్మే పేరు తెలియని పొడులు కూడా వద్దు. ఇంకోటి, అగ్నివీర్ నాలుగేళ్ళే, పెన్షన్ లేదు. 48 లక్షల జీవిత బీమా ఉంది. సర్వీసు వల్ల వైకల్యం వస్తే దాని శాతాన్ని బట్టి 44, 25, 15 లక్షలు ఇస్తారు, అదీ 50 శాతం స్థాయి నుంచే. కాబట్టి వాడికి కాగితాల జాగ్రత్త మీ తమ్ముడికన్నా రెండింతలు ఉండాలి.

మీరు అడగనిది ఒకటి. పైన ఉన్న జవానుకి ఇంటి ఫోన్ కూడా వాతావరణమే. గట్టు తగాదా, చేపల చెరువు లీజు డబ్బు రాలేదు, అమ్మకి బాలేదు అని రాత్రి తొమ్మిదింటికి చెప్తారు. సిగ్నల్ పోతుంది. వాడు తెల్లారేదాకా గన్ డ్యూటీలో అదే నమిలి నమిలి, నిద్రలేక మర్నాడు చెయ్యి తప్పు చేస్తాడు. నిద్ర తక్కువైన మనిషి చేతిలో ఆయుధం ఉండడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అని నా నమ్మకం. చెప్పొద్దనట్లేదు. సగం చెప్పి వదలొద్దు, మేం ఫలానాది చేస్తున్నాం అని కూడా చెప్పండి. భూమి గొడవ అయితే కమాండింగ్ ఆఫీసరు నుంచి కలెక్టరుకి ఉత్తరం రాయించుకునే పద్ధతి ఉంది, వాడుకోండి. వాడు బొత్తిగా మాట తగ్గించేసినా, ఉన్నట్టుండి అప్పులూ వస్తువులూ సర్దేస్తున్నా, "నేను లేకపోయినా" లాంటి మాటలు అన్నా, ఆలస్యం చేయకుండా వాడి సీనియర్ జేసీఓకి, అంటే వాడి పైనున్న సుబేదార్ స్థాయి అధికారికి, ఫోన్ చేయండి. వాడి పరువు పోతుందని ఆలోచించవద్దు.

సెలవులో ఉన్న ఈ వారం కూడా జాగ్రత్తే. నాకు తెలిసిన ఇద్దరు సియాచిన్ నుంచి క్షేమంగా దిగి, ఇక్కడ రాత్రిపూట కాలువ గట్టు రోడ్డు మీద బండితో సహా కాలువలో పడ్డారు. ఒకరు లేరు.

అమ్మగారు ఏం కట్టి పంపాలని అడిగారట. పైన ఆకలి చచ్చిపోతుంది, నెలకి మనిషి కిలోలకి కిలోలు తగ్గుతాడు. అక్కడ ఒంటికి సులువుగా పట్టేవి పిండిపదార్థాలే. కాబట్టి పూతరేకులు నిరభ్యంతరంగా పంపండి, నా మాటగా. ఆవకాయ లేకుండా వాడు ఎలాగూ వెళ్ళడు, రెండు మూతలు బిగించి కవర్లో కట్టండి, విమానంలో కారితే పక్కవాడి సామాను కూడా ఎర్రబడుతుంది. చలికి దాహం తెలియదు కాబట్టి నీళ్ళు తాగమని ఫోన్ చేసినప్పుడల్లా అడగండి, ఎత్తులో రక్తం చిక్కబడి గడ్డలు కట్టే ముప్పు ఉంది.

వెళ్ళే ముందు ఆడియోగ్రామ్ అయితే రెండు చెవులదీ 4,000 దగ్గర ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి. లేహ్‌లో దిగిన తేదీ కూడా రాయండి. రెండో రోజు, నాలుగో రోజు మీరు ఫోన్ చేసి ఒకే ఒక్క మాట అడగాలి: "గీత మీద నడిచావా?"